4117 నంబరు ఒప్పుకోలు

ఆ రోజు ఉదయం ఇన్‌వర్డు గుమాస్తా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి ఆఫీసుకు చేరాలి, తొమ్మిదిన్నరకల్లా తపాలా పని ముగించాలి, మధ్యాహ్నం రిహార్సలు లోపల మూడో రంగం మాటలు కంఠతా పట్టాలి. ఇరవై ఆరేళ్లుగా ఆయన వేసుకున్న పథకం ఏదీ తప్పిపోలేదు. అందుకే ఆయన గొడుగు కూడా పట్టుకోకుండా బయలుదేరాడు.

పశువైద్య శాఖ కార్యాలయంలో మొదటి గదిలో మొదటి బల్ల ఆయనది. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితమూ ముందు ఆ బల్ల మీదే వాలాలి. ఆయన దాని నుదుట గుండ్రటి ముద్ర కొట్టి, నంబరు వేసి, అదే నంబరును పంపినవారి పేరుతో సహా రిజిస్టరులో ఎక్కించి, లోపలి సెక్షన్లకు పంపుతాడు. ఆఫీసంతా ఆయన్ని నంబరుగారు అని పిలవడం అందుకే. ఆయన రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత ఉండదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు వాటిని తెరిచి చూపించి, "రాస్తే ఇలా రాయాలి" అని చెప్పడం అక్కడ ఆనవాయితీ. ఆ ఒక్క మాట కోసమే ఆయన బతికాడంటే అబద్ధం కాదు. కాగితంలో ఏముందో మాత్రం ఆయన ఏనాడూ చదవలేదు. చదవడం సెక్షన్ల పని, నంబరు వేయడం తన పని అని ఆయన సిద్ధాంతం.

ఇక నాటకం సంగతి. శాఖ వార్షికోత్సవంలో వేయడానికి సూపరింటెండెంటు స్వయంగా ఒక నాటకం రాశాడు. మూడు వందల ఏళ్ల కిందట ప్యూరిటన్లనే నియమనిష్ఠల జనం కట్టుకున్న ఒక పల్లెలో జరిగే కథ. ఎవరికి ఎవరు గిట్టకపోయినా "వీడు దయ్యంతో చేతులు కలిపాడు, చేతబడి చేస్తున్నాడు" అని ఫిర్యాదు చేస్తారు. వెంటనే విచారణ. ఒప్పుకుంటే ప్రాణం దక్కి పరువు పోతుంది, ఒప్పుకోకపోతే పరువు దక్కి మెడ పోతుంది. నిందపడిన రైతు వేషం నంబరుగారిది. మూడో రంగంలో ఆ రైతు భోరున ఏడ్చి, ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేస్తాడు.

"చెయ్యని తప్పుకి వాడు సంతకం ఎందుకు పెడతాడు సార్?" అని నంబరుగారు మొదటి రోజే అడిగాడు.

"పెట్టకపోతే నాటకం ఎలా అయిపోతుందయ్యా? జనం బస్సులు అందుకోవద్దూ?" అన్నాడు సూపరింటెండెంటు.

ముప్పై ఏళ్లుగా ఆఫీసు ఉత్తరాలు తప్ప మరొకటి రాసి ఎరగని చెయ్యి అది. కాబట్టి ఆ పల్లెటూరి రైతు ఒప్పుకోలు కూడా ఇలా తయారైంది:

"విషయం: నల్ల కోటు మనిషితో రహస్య సంబంధం – ఒప్పుకోలు సమర్పించుట గురించి. అయ్యా, పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, నేను నల్ల కోటు మనిషిని పలుమార్లు రహస్యముగా కలిసితిని. అతని పుస్తకములో నా పేరు వ్రాసితిని. నా చూపు వలన పొరుగువారి ఆవులు పాలిచ్చుట మానినవి. ఆ పుస్తకములో పేర్లు వ్రాసిన ఇతరులెవరో అడిగినచో చెప్పగలవాడను. ఇట్లు, తమ విధేయుడు."

నల్ల కోటు మనిషి అంటే నాటకంలో దయ్యం. ఆ ముందురోజు సాయంత్రం రికార్డు గదిలో జరిగిన రిహార్సల్లో ఆ కాగితం మీద రైతు పేరు సంతకం పెట్టమంటే నంబరుగారు కలం కింద పెట్టేశాడు.

"ఇంకొకరి పేరు మీద సంతకం పెడితే ఫోర్జరీ అవుతుంది సార్."

"అయితే నీ పేరే పెట్టుకో."

ఆయన తన పేరే పెట్టాడు. చిరునామా లేని దరఖాస్తు చెల్లదని గుర్తొచ్చి, కింద ఇంటి చిరునామా కూడా రాశాడు. మనిషి మరీ అంత నిజాయితీగా ఉండకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ ఉదయం ఆయన ఆ కాగితాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పరుచుకుని మాటలు వల్లిస్తున్నాడు. అటెండరు అక్క వచ్చి, రోజూ చేసినట్టే, తపాలా సంచిని బల్ల మీద బోర్లించి వెళ్లింది. ఆయన చేయి ముద్ర అందుకుంది. నోరు రెండో రంగంలో ఉంది. "నేను ఏ పాపమూ ఎరుగను, ఏ చీకటి పనీ చేయలేదు" అని గంభీరంగా పలుకుతూ, ఆ ఒప్పుకోలు కాగితానికి ముద్ర కొట్టి, 4117 నంబరు వేసి, రిజిస్టరులో పంపినవారి గడిలో తన పేరు తానే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. తొమ్మిదిన్నరకల్లా పని ముగిసింది. పథకం ప్రకారమే.

పదిన్నరకు ఒప్పుకోలు కాగితం కోసం సంచి వెతికాడు, సొరుగు వెతికాడు, చివరికి బల్ల కింద కూడా దూరి చూశాడు. ఏదో అనుమానం వచ్చి రిజిస్టరు తెరిచాడు. తన పేరు తననే చూస్తూ కనిపించింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

పరుగున సూపరింటెండెంటు గదికి వెళ్లి చెప్పాడు. ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

"దానికింత కంగారెందుకయ్యా? రిజిస్టరులో ఆ వరస కొట్టెయ్. కాగితం దొరికాక చింపెయ్."

"కొట్టెయ్యలేను సార్."

"ఏం? కలంలో సిరా లేదా?"

"ఆ కాగితం వచ్చింది, నంబరు పడింది. వచ్చిన కాగితాన్ని రాలేదని ఎలా రాయను? 'నాటకం కాగితం, చర్య అవసరం లేదు' అని పై అధికారి రాసి మూసెయ్యాలి. అదీ పద్ధతి."

"పద్ధతి పద్ధతి అంటూ మన కొంప ముంచేలా ఉన్నావు" అన్నాడు సూపరింటెండెంటు. తాను ఎంత నిజం చెప్పాడో ఆయనకు అప్పుడు తెలియదు.

నంబరుగారు కాగితాన్ని వెతుక్కుంటూ లోపలికి వెళ్లాడు. అది అప్పటికే రెండు సెక్షన్లు తిరిగింది. ఆవులు పాలు మానాయన్న ముక్క చదివిన పశువ్యాధుల సెక్షను, అంటురోగమేమోనని డాక్టరుకు జీపిచ్చి, కాగితంలో ఉన్న చిరునామాకు పంపేసింది. ఆ సెక్షను అంత చురుగ్గా పనిచేయడం ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి. ఆయన తిరిగి తన బల్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. ఆయన భార్య.

"ఏమండీ, పక్కింటివాళ్ల ఆవుల్ని ఏం చేశారు మీరు?"

"నేనేం చేస్తాను? పొద్దున్నే వచ్చేటప్పుడు చూస్తాను. గేటు పక్కనే కదా కట్టేస్తారు."

"చూశారా? అయితే నిజమేనన్నమాట. ఇక్కడికి జీపొచ్చింది, డాక్టరొచ్చాడు. మీ చూపు తగిలి పాలు మానేశాయని మీరే రాసిచ్చారట కదా. ఎర్రావు నాలుగు రోజులుగా సగం పాలే ఇస్తోందని పక్కింటి పెద్దాయన వీధి మధ్యలో నిలబడి అందరికీ చెబుతున్నాడు."

"అది నాటకం కాగితమే."

"ఆవుకేం తెలుసండీ నాటకమని?" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

మర్నాటి ఉదయానికి పక్కింటి పెద్దాయన తన గేటుకు అడ్డంగా గోనెపట్టా కట్టాడు. దానికి ఒక చోట చిరుగు ఉంది. నంబరుగారికి ఆ పది గజాలు నడవడం పెద్ద సమస్య అయింది. తల దించుకుంటే తప్పు చేసినవాడిలా ఉంటుంది, తల ఎత్తితే చిరుగులోంచి ఆవు కనిపిస్తుంది. పెరటి సందులోంచి వెళ్లమని భార్య చెప్పింది. "నేను తప్పు చెయ్యలేదు, ముందు దారినే వెళతాను" అని ఆయన ఆకాశం వంక చూస్తూ నడిచి, దీపస్తంభానికి గుద్దుకుని, నుదుటి మీద బొప్పితో ఆఫీసు చేరాడు.

ఆఫీసులో గాలి మారిపోయింది. ఆ కాగితం నకలు ఒకటి, ఉద్యోగుల లంచాల సంగతి చూసే విజిలెన్సుకు వెళ్లిందని తెలిసింది. ఆ ఆఫీసుకు నల్ల కోటు వేసుకుని వచ్చే మనిషి ఒక్కడే. పశువుల మందులు సరఫరా చేసే కంపెనీ ప్రతినిధి. ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పడు. వచ్చినప్పుడల్లా సంచిలోంచి ఏదో ఒకటి తీసి ఎవరికో ఒకరికి ఇచ్చి, ఒక చిన్న పుస్తకంలో వాళ్ల పేరు రాసుకుంటాడు. గోడగడియారమో, ఫ్లాస్కో, గొడుగో. పెద్ద వస్తువైతే ఇంటికే పంపిస్తాడు. నంబరుగారికి ఒకసారి గొడుగు ఇవ్వబోతే, దానికి నంబరు ఏం వెయ్యాలని అడిగి వెనక్కి పంపించాడు.

ఇప్పుడు కాగితంలో "ఇతరులెవరో అడిగినచో చెప్పగలవాడను" అని ఉంది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆఫీసంతా భుజాలు తడుముకుంది. ఇరవై ఆరేళ్లుగా పలకరించనివాళ్లు వచ్చి ఆయన బొప్పి గురించి అడిగారు. టైపిస్టు తన మెత్తని కుర్చీ తెచ్చి వేసింది. అకౌంట్ల గుమాస్తా బిస్కెట్లు తెచ్చి, "మనలో మన మాట, నాది చిన్న ఫ్లాస్కే" అని చెవిలో చెప్పి వెళ్లాడు.

"నేనెవరి పేర్లూ చెప్పను బాబూ. అది నాటకం కాగితం" అని ఆయన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఎంత చెబితే అంత భయపడ్డారు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరికి ఒకే ఆలోచన వచ్చింది. ఆయన మన పేరు చెప్పేలోగా మనమే ముందు పక్కవాడి పేరు చెప్పేస్తే పోలా?

ఇక ఉత్తరాలు మొదలయ్యాయి. విజిలెన్సుకు రాసిన ఉత్తరమైనా సరే, పద్ధతి ప్రకారం ముందు ఇన్‌వర్డు బల్ల మీదికే రావాలి. అటెండరు అక్క ఒక్కొక్కటే తెచ్చి పెడుతుంటే, ఆయన ఒక్కొక్కదానికీ ముద్ర వేసి నంబరు వేశాడు. సాయంత్రానికి ఇరవై రెండు వచ్చాయి. నాది ఫ్లాస్కు మాత్రమే, పక్క బల్ల ఆయనది ఫ్రిజ్జు అని ఒకటి. నాది గొడుగు, అదీ చిరిగింది, టైపిస్టుది కుట్టుమిషను అని మరొకటి. వాటిలో మూడు నంబరుగారి మీదే. ఒకటి పక్కింటి పెద్దాయన రాసింది. కవరు మీద "చేతబడి విషయం" అని పెద్ద అక్షరాలతో ఉండడంతో చదవకపోయినా తెలిసిపోయింది. గుండెలో కలుక్కుమంది. అయినా ఆ మూడింటికీ మిగతావాటికన్నా శుభ్రంగా, ఒక్క వైపు కూడా మసకబారకుండా ముద్ర వేశాడు.

"మీ మీద వచ్చిన కాగితం చింపేస్తే ఎవరికి తెలుస్తుంది సారూ?" అంది అటెండరు అక్క.

"నాకు తెలుస్తుంది కదక్కా" అన్నాడాయన.

మూడో రోజు విజిలెన్సు అధికారిణి వచ్చింది. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎదుటి మనిషిని దాని పైనుంచి చూసే ఆవిడ. నంబరుగారు ఆవిడ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ సూపరింటెండెంటును పిలిపించింది.

"ఈయన నాటకం అంటున్నారు. మీరు రాశారట."

సూపరింటెండెంటు ఇంట్లో నల్ల కోటు ఇచ్చిన గోడగడియారం ఒకటి గంటగంటకూ మోగుతోంది. నాటకం ఉందంటే ఆఫీసు కాగితం వాడిన సంగతి, ఆఫీసు వేళల్లో రికార్డు గదిలో రిహార్సళ్లు వేసిన సంగతి, అన్నీ బయటికొస్తాయి. ఆయన నంబరుగారి వంక చూడకుండా, కిటికీ వంక చూస్తూ అన్నాడు.

"నాటకమా? ఏ నాటకం మేడం? నాకు ఉత్తరాలు రాయడానికే తీరిక లేదు."

నాటకంలో ఉన్న మిగతా ఐదుగురిని అడిగినా అదే మాట చెప్పారు. నాటకం ప్రతులు ముందురాత్రే పొయ్యిలోకి వెళ్లాయి. నంబరుగారికి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. ఇరవై ఆరేళ్లు వీళ్లందరి కాగితాలకు నంబర్లు వేశాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజం చెబుతారనుకున్నాడు.

అధికారిణి అందరినీ పంపేసి, కళ్లజోడు తీసి, కాస్త మెత్తబడింది.

"చూడండి, మిమ్మల్ని చూస్తే తప్పు చేసిన మనిషిలా లేరు. ఒక దారి చెబుతాను. 'ఆ సమయంలో నేను బల్ల దగ్గర లేను, నాకు తెలియకుండా అటెండరు నంబరు వేసింది, ఆ కాగితం నాది కాదు' అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. ఆవిడకు ఒక చిన్న హెచ్చరిక. మీకు ఏమీ ఉండదు. లేకపోతే సస్పెన్షను తప్పదు."

గుమ్మం దగ్గర టీ పళ్లెంతో నిలబడ్డ అటెండరు అక్క అంతా విన్నది.

"రాసెయ్యండి సారూ. నాకు పోయేదేముంది? హెచ్చరికలు నాకు అలవాటే."

అధికారిణి కాగితం జరిపింది, కలం మూత తీసి ఇచ్చింది. నంబరుగారు కలం అందుకున్నాడు. కాగితం తెల్లగా ఉంది. రెండు వాక్యాలే. ఇంటికి వెళితే ఆవు, ఆఫీసుకు వస్తే మనుషులు, ఈ రెండు రోజుల్లో ఆయన తలెత్తుకున్న క్షణం లేదు. ఈ రెండు వాక్యాలతో అంతా సర్దుకుంటుంది. ఆయన కలానికి మూత పెట్టి, జాగ్రత్తగా కాగితం పక్కనే ఉంచాడు.

"రాయలేనమ్మా. నేను బల్ల దగ్గరే ఉన్నాను. నంబరు నేనే వేశాను. సంతకం నాదే. ఆ కాగితంలో ఉన్నది మాత్రం నిజం కాదు. ఈ నాలుగూ ఉన్నవి ఉన్నట్టు రాయమంటే రాస్తాను."

"నాటకం ఉందని రుజువేమిటి?"

"నాకు మొత్తం వచ్చు."

"మొత్తమా?"

"నా మాటలు, అందరి మాటలు. తెర వెనక నుంచి మాటలు అందించడానికి మనిషి లేక నేనే నేర్చుకున్నాను."

అధికారిణి గడియారం చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలింది. నంబరుగారు గొంతు సవరించుకుని మొదటి రంగం మొదలుపెట్టాడు. న్యాయమూర్తి మాటలు కిటికీ దగ్గర నిలబడి, రైతు మాటలు బీరువా దగ్గర నిలబడి, నిందలు వేసే అమ్మాయి మాటలు కాస్త సన్న గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. రెండో రంగానికి వరండాలో జనం చేరారు. సూపరింటెండెంటు తలుపుకు చెవి ఆనించి, తన మాటలకు తానే పెదవులు కదుపుతున్నాడు.

మూడో రంగం వచ్చింది. న్యాయమూర్తి కాగితం చాపాడు. ఇప్పుడు రైతు భోరున ఏడ్చి సంతకం పెట్టాలి. నంబరుగారు ఆగాడు. ఆయనకు ఏడుపు రాలేదు. ఆ రైతు ఏమంటాడో మొదటిసారి ఆయనకు స్పష్టంగా తెలిసింది.

"అయ్యా, ఈ కాగితం మీద ఉన్నది నేను చెయ్యలేదు. సంతకం పెట్టను. తర్వాత మీ ఇష్టం" అన్నాడు, బీరువా దగ్గర నిలబడి.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏమయ్యా, నీకెన్నిసార్లు చెప్పాలి?" సూపరింటెండెంటు మొహం కందగడ్డ అయింది. "అక్కడ వాడు ఏడవాలి. ఏడ్చి సంతకం పెట్టాలి. నాలుగు నెలలు కూర్చుని రాసిన నాటకం, నీ ఇష్టం వచ్చినట్టు మార్చడానికి నువ్వెవరు?"

అటెండరు అక్క పళ్లెం బల్ల మీద పెట్టింది. అధికారిణి కళ్లజోడు మళ్లీ ముక్కు చివరికి జార్చింది.

"కూర్చోండి" అంది. "నాటకం బాగుంది. ఆయన మార్చిన చోట మరీ బాగుంది."

అప్పటికి నంబరుగారి ఒప్పుకోలు అబద్ధమని తేలిపోయింది. ఆయన మీద రాసిన మూడూ దాంతోపాటే పోయాయి. చిక్కల్లా మిగతా పంతొమ్మిది ఉత్తరాలతోనే. అవన్నీ నిజాలు. ఎవరి ఉత్తరం వాళ్లు వెనక్కి తీసుకుపోదామని నలుగురైదుగురు మర్నాడు పొద్దున్నే ఇన్‌వర్డు బల్ల చుట్టూ చేరారు కానీ, అప్పటికే నంబరు పడిన కాగితాన్ని వెనక్కివ్వడం పద్ధతి కాదు. గడియారాలు, ఫ్లాస్కులు, ఫ్రిజ్జు, కుట్టుమిషను అన్నీ ఒక్కొక్కటే ఆఫీసుకు తిరిగొచ్చాయి. నల్ల కోటు మనిషి మళ్లీ కనిపించలేదు. ఇరవై మంది దాకా మెమోలు అందుకున్నారు, సూపరింటెండెంటు రెండు అందుకున్నాడు. దయ్యంతో చేతులు కలిపానని రాసిచ్చిన మనిషి ఒక్కడే ఆ ఆఫీసులో నిర్దోషిగా మిగిలాడు. వార్షికోత్సవంలో నాటకం మాత్రం వేయలేదు. వేషగాళ్లలో ముద్దాయి తప్ప అందరూ విచారణలో ఉన్నారు.

పద్ధతి ప్రకారం ప్రతి నంబరుకూ జవాబు వెళ్లాలి. పదిహేను రోజుల తర్వాత 4117కు జవాబు తపాలాలో వచ్చింది. నంబరుగారు ముద్ర వేసి, నంబరు వేసి, తన పేరు మీదే ఉంది కాబట్టి చదివాడు.

"తమరు పేర్కొన్న నల్ల కోటు మనిషి దయ్యమని విచారణలో రుజువైనందున, సదరు సంబంధం ఈ శాఖ పరిధిలోకి రాదు. పొరుగువారి ఆవు చూడిది అయినందున పాలు తగ్గినవని డాక్టరు నివేదించినారు. కావున తమరిపై చర్య అవసరం లేదు."

రిజిస్టరులో 4117 ఎదురుగా, చివరి గడిలో "పరిష్కారమైనది" అని రాసి, దాని కింద ఏ గీతా కొట్టివేతా లేకుండా కలం తుడిచి పెట్టాడు. సాయంత్రం ఇంటికి వెళుతూ గేటు దగ్గర ఆగి, ఎర్రావును తృప్తిగా, తల ఎత్తి, కంటి నిండా చూశాడు. పక్కింటి పెద్దాయన గోనెపట్టా విప్పి మడత పెడుతూ ఇబ్బందిగా నవ్వాడు.

భార్య ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"ఏమండీ, ఆ సంబంధం మా పరిధిలోకి రాదన్నారే గానీ, మీకు దయ్యంతో సంబంధం లేదని మాత్రం ఎక్కడా రాయలేదు వీళ్లు."

నంబరుగారు ఉత్తరం లాక్కుని చూశాడు. నిజమే. మర్నాడు ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్లి, ఆ విషయమై పైవారికి ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి, చిరునామా వేసి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి మాత్రం కొట్టేముందు ఒకసారి చదివాడు.